ఇంగ్లీషులో రేపటి మాట



జరిగినదానిని చెప్పుటకు జ్ఞాపకము చాలును. జరుగుచున్నదానిని చెప్పుటకు కన్నులు చాలును. జరుగబోవుదానిని చెప్పుటకు మాత్రము ఈ రెండును చాలవు. రేపటిని చూచినవారెవరును లేరు. కావున రేపటిని గూర్చి మాటలాడువాడు తన కోరికను చెప్పును. లేదా తన పూనికను, తాను చేసికొన్న ఏర్పాటును, తన ఊహను చెప్పును. ఇది అన్ని భాషలవారికిని సమానమే. అయితే ఇంగ్లీషు భాషలో ఈ భేదములు వ్యాకరణములోనే చోటు చేసికొని కూర్చున్నవి. ఆ సంగతిని నేడు మనవి చేయదలచినాను.

ఇంగ్లీషు వ్యాకరణముతో పల్లెపెద్దలకు పని యేమి యని కొందరు అడుగవచ్చును. బ్యాంకువారి ఋణపత్రము, సర్కారువారి ప్రకటన, న్యాయస్థానపు ఉత్తరువు, దూరదేశమునుండి మనుమడు వ్రాయు జాబు, ఇవన్నియు మన గడపలోనికి ఇంగ్లీషుననే వచ్చుచున్నవి. వీనిలో ముఖ్యమైన మాటలన్నియు రాబోవు కాలమును గూర్చినవే. ఏది కట్టుబాటో, ఏది ఊహయో తెలిసికొనకయే మనము వేలిముద్రయో సంతకమో వేయుచున్నాము. పిల్లలకు బడిలో 'భవిష్యత్తునకు విల్' అని ఒక్క సూత్రము చెప్పి వదలుచున్నారు. ఆ ఒక్క సూత్రముతో ఈ కాగితములు అర్థము కావు.

మొదట మన భాషల సంగతి చూతము. సంస్కృతమున భవిష్యత్తునకు రెండు లకారములున్నవి. లృట్టు సామాన్య భవిష్యత్తు. 'కరిష్యామి' అనిన 'చేయుదును' అని. లుట్టు నేటిది కాని భవిష్యత్తు. 'శ్వః కర్తాస్మి' అనిన 'రేపు చేయుదును' అని. ఇదిగాక పాణిని మరియొక వెసులుబాటు కల్పించెను. వర్తమానమునకు మిక్కిలి సమీపముననున్న భవిష్యత్తును వర్తమానరూపముతోనే చెప్పవచ్చునని అనుమతించెను. 'ఎప్పుడు బయలుదేరుదువు?' అని అడిగినచో, చెప్పులు తొడుగుకొనుచు 'ఇదిగో పోవుచున్నాను' అనుట ఆ జాతి ప్రయోగమే. ఈ మాటను మనసున నుంచుకొనుడు. ఇంగ్లీషులో దీనితో మనకు పని పడును.

తెనుగున చిన్నయసూరి 1858 లో ప్రకటించిన బాలవ్యాకరణమునందు వర్తమానము, భూతము, భవిష్యత్తు అను మూడింటికి తోడు తద్ధర్మము అను నాలుగవ తెగ చెప్పబడినది. తద్ధర్మమనగా వస్తువు స్వభావమును చెప్పునది. సూర్యుడు తూర్పున ఉదయించును, ఆవు పాలిచ్చును. ఇందు నిన్న అనుమాట లేదు, రేపు అనుమాటయు లేదు. వాడుకలో ఈ తద్ధర్మమే భవిష్యత్తు పనిని కూడ చేయుచున్నది. 'మావాడు గిద్దలూరు పోతాడు' అని కొమరోలులో ఒకరన్నచో, ప్రతిదినమును పోవునా, రేపు పోవునా అనునది ఆ క్రియవలన తేలదు. 'రోజూ' అనియో, 'రేపు' అనియో మరియొక మాట చేర్చిన గాని తేలదు.

ఈ తద్ధర్మము దొరలను కూడ కొంత తికమక పెట్టినది. 1820 లో కడపకు ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర 1840 లో తెనుగు వ్యాకరణమును ప్రకటించెను. నాడు మన కంభము, మార్కాపురము సీమయు కడప జిల్లాలోనిదే. మన తద్ధర్మక్రియను ఇంగ్లీషు వ్యాకరణపు గడులలో ఇముడ్చుటకు వీలుపడక, ఆయన గ్రీకు వ్యాకరణమునుండి 'ఏఓరిస్టు' అను పేరును ఎరువు తెచ్చుకొనెను. కాలము ఇదమిత్థమని తేలని క్రియ యని దాని భావము. ఆయనకు మన క్రియతో కలిగిన చిక్కే నేడు మన పిల్లలకు వారి క్రియతో కలుగుచున్నది. మనము ఒక్క రూపముతో గడుపుకొను పనికి ఇంగ్లీషువారు అయిదారు రూపములు వాడుదురు. 'పోతాడు' అను ఒక్క మాటకు ఏది వేయవలయునో పిల్లవానికి తోచదు.

ఇక ఇంగ్లీషు సంగతి. ఆ భాషలో ధాతువునకు కాలమును తెలుపు రూపములు నిజముగా రెండే. 'గో' అనిన వర్తమానము, 'వెంట్' అనిన భూతము. 'ఈట్' ఒకటి, 'ఏట్' ఒకటి. భవిష్యత్తునకు మూడవ రూపము లేదు. సంస్కృతమున 'కరిష్యామి' అని ధాతువునకు ప్రత్యయము చేర్చినట్లు వారు చేర్చలేరు. వెయ్యేండ్ల పూర్వపు ఇంగ్లీషులో వర్తమానరూపమే రేపటికిని చెల్లెడిది. పిమ్మట చాలక వేరు అర్థములు గల మాటలను తెచ్చి భవిష్యత్తు పనికి నియోగించిరి. అందు ముఖ్యమైనవి 'విల్', 'షల్' అను రెండు.

'విల్' అను మాటకు మొదటి అర్థము కోరుట. ఈ అర్థము మనకు క్రొత్త కాదు. ఆస్తిని గూర్చి కడపటి కోరికను వ్రాసియుంచు మరణశాసనమును మన పల్లెలయందు కూడ 'విల్లు' అనియే అందురు. అదియే ఇది. 'షల్' అను మాటకు మొదటి అర్థము ఋణపడియుండుట. దానికి దాయాదియైన జర్మను మాట 'షుల్ట్' నేటికిని అప్పు అనియు, తప్పు అనియు అర్థమిచ్చుచున్నది. కావున మూలమునుబట్టి చూచిన 'ఐ విల్ గో' అనగా 'పోవ గోరుచున్నాను' అని. 'ఐ షల్ గో' అనగా 'పోవుటకు బద్ధుడను' అని. ఒకటి కోరిక, ఒకటి అప్పు. కాలక్రమమున రెండును అరిగి భవిష్యత్తును తెలుపు మాటలైనవి. అరిగిన రూపాయి నాణెముమీద బొమ్మ మాసినను కొంత కనబడునట్లు, ఆ పాత అర్థములు ఇంకను లోపల కనబడుచునే యున్నవి.

మన భాషయు ఇట్లే చేసినది. బాలవ్యాకరణమున 'వండగలడు' అనునది భవిష్యద్రూపము. అందలి 'కలడు' అనునది ఉండుటను చెప్పు మాట. నేటి వాడుకలో 'వండగలడు' అనిన వండు నేర్పు గలదని మాత్రమే తోచును. 'వలపు'నకు చుట్టమైన 'వలయు' ధాతువు మనకు 'చేయవలయును' అని విధిని చెప్పుచున్నది. అనగా ఇంగ్లీషువారి కోరిక భవిష్యత్తైనది. మన కోరిక విధి యైనది. ఏ భాషకును రేపటికి సొంత మాట దొరకుట సులభము కాదని దీనివలన తెలియుచున్నది.

1653 లో జాన్ వాలిస్ అను ఇంగ్లీషు గణితపండితుడు లాటినుభాషలో తన మాతృభాషకు వ్యాకరణము వ్రాసెను. 'షల్', 'విల్' లకు హద్దులు గీచినవాడు ఆయనయే. 'నేను' అన్నప్పుడు 'షల్' జరుగబోవుదానిని సూచించును. 'విల్' ప్రతిజ్ఞనో బెదరింపునో చెప్పును. 'నీవు', 'వాడు' అన్నప్పుడు ఇది తారుమారగును. అక్కడ 'విల్' సూచన, 'షల్' ప్రతిజ్ఞ లేక ఆజ్ఞ. మన బడులలో చాలకాలము ఈ నియమమును కంఠస్థము చేయించిరి. దానికి తోడు ఒక కథయు చెప్పెడివారు. ఒక పరదేశి యేటిలో పడి, తాను మునిగిపోవుచున్నాననియు, రక్షించువారు లేరనియు చెప్పబోయి, 'ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ' అని అరచెనట. గట్టునున్నవారు వ్యాకరణము తెలిసినవారు. 'నేను మునిగియే తీరుదును, నన్నెవ్వరును రక్షించరాదు' అని అర్థము చేసికొని ఊరకుండిరట. కథ హాస్యమునకే గాని, రెండు మాటల భేదమును మరపురాకుండ చెప్పును.

నేడు ఆ కట్టడి సడలినది. 'నేను' అన్నచోటను 'విల్' అనుటయే లోకమున వాడుక. పలుకుబడిలో అదియు కరగి 'ఐల్', 'హీల్' అని తోకగా మిగిలినది. 'షల్' ముఖ్యముగా రెండు తావులలో నిలిచినది. మొదటిది అనుమతి యడుగు ప్రశ్న. 'షల్ ఐ క్లోజ్ ద డోర్?' అనిన 'తలుపు వేయుదునా?' అని. 'షల్ వుయ్ గో?' అనిన 'పోదమా?' అని. రెండవది చట్టము. దానిని కడపట విచారింతము.

'విల్' అనుమాట అన్ని వేళలను రేపటిని చెప్పునదియు కాదు. తలుపు తట్టిన చప్పుడు విని, 'దట్ విల్ బి ద పోస్ట్‌మన్' అందురు. 'తపాలావాడై యుండును' అని మనమందుము. తపాలావాడు ఇప్పుడే గుమ్మమున నున్నాడు. రేపు అనుమాట ఇందు లేదు. కంటికి కనబడనిదానిని ఊహించుటయే ఇందున్నది. దీనినిబట్టి 'విల్' కాలమునకు కాక, చెప్పువాని మనసునకు సంబంధించిన మాట యని గ్రహింపవలయును.

ఇక మూడవ మార్గము 'గోయింగ్ టు'. గోయింగ్ అనగా పోవుట. నల్లమలపై నల్లని మబ్బు కమ్మి, చల్లగాలి వీచినప్పుడు 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అందురు. మనము 'వాన కురియబోవుచున్నది' అందుము. మన 'బోవు' అనునదియు పోవుటయే కదా! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి తెనుగునాడు! రెండు భాషలును రాబోవుదానిని చెప్పుటకు 'పోవు' అను నడక మాటనే పట్టుకొన్నవి. పిల్లలకు ఈ పోలికను చూపినచో ఈ ప్రయోగము ఒక్క గడియలో పట్టుపడును. దీనికి రెండు తావులు. గురుతు ఇప్పుడే కంటికి కనబడుచున్నప్పుడు ఒకటి. ముందుగనే మనసున నిశ్చయించుకొన్న పనిని చెప్పునప్పుడు మరియొకటి. 'ఈ యేడు కంది వేయదలచినాను' అనుటకు 'గోయింగ్ టు' తగును. అప్పటికప్పుడు తోచిన పనికి 'విల్' తగును. చుట్టము వచ్చి ఎండలో దాహమనగా, 'మజ్జిగ తెచ్చెదను' అని లేచుట 'విల్'. చుట్టము వచ్చునని తెలిసి ప్రొద్దుననే చిలికి యుంచి, 'వానికి మజ్జిగ ఇయ్యదలచినాను' అనుట 'గోయింగ్ టు'.

నాలుగవ మార్గము వర్తమానముననే రేపటిని చెప్పుట. పాణిని వెసులుబాటు ఇక్కడ జ్ఞాపకమునకు రావలయును. 'మై బ్రదర్ ఈజ్ కమింగ్ టుమారో' అనిన, పదము పదమునకు 'నా తమ్ముడు రేపు వచ్చుచున్నాడు' అని. వర్తమానము పాణినికి కాలసామీప్యమువలన చెల్లినది. ఇంగ్లీషులో మాత్రము ఏర్పాటు జరిగినదను నమ్మకమువలన చెల్లును. టిక్కెట్టు కొన్నాడు, సెలవు దొరకినది, జాబు వ్రాసినాడు. ముహూర్తము పెట్టి శుభలేఖలు పంచిన పెండ్లి ఇంక మూడు నెలలున్నను ఈ రూపముననే చెప్పవచ్చును. అయితే 'ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో' అనరాదు. వాన ఎవరితోను ఏర్పాటు చేసికొని కురియునది కాదు గదా!

అయిదవది సామాన్య వర్తమానము. 'ద ట్రెయిన్ లీవ్స్ కంభం ఎట్ సిక్స్' అనిన, కంభమునుండి బండి ఆరు గంటలకు బయలుదేరునని. ఇది ఒకరి కోరికయు కాదు, ఒకరి ఊహయు కాదు. ముద్రించిన కాలపట్టిక చెప్పుచున్న మాట. మన పంచాంగము వంటిదన్నమాట. 'టుమారో ఈజ్ ఏకాదశి' అందురే గాని, రేపు ఏకాదశి కాగోరుచున్నదని యెవరును అనరు. గ్రహణము, పున్నమి, పరీక్ష తేదీ, బస్సు వేళ, ఇవన్నియు ఈ తెగలోనివి. మన తద్ధర్మమునకు మిక్కిలి దగ్గరగా నుండునది ఈ రూపమే.

ఇక్కడనే పిల్లలు తరచుగా తడబడు చోటొకటి గలదు. 'వాన కురిసినచో విత్తుదుము' అనుటకు 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ సో' అనవలయును. కురియుట రేపటి పనియే యైనను 'ఇఫ్' పిమ్మట 'విల్' రాదు. పిల్లవాడు ఇందేమి న్యాయమని అడుగును. మన మాటనే చూపి చెప్పవలయును. 'కురిసినచో' అను దానిలో మనము మాత్రము భవిష్యత్తును వేసితిమా? 'కురియగలిగినచో' అని యెవరందురు? షరతు చెప్పునప్పుడు ఆ పని జరిగినట్లే మనసున నిలుపుకొని, దాని ఫలమును మాత్రము రేపటికి చెప్పుదుము. రెండు భాషలకును తీరు ఒక్కటే. 'వెన్' అనగా 'వచ్చినప్పుడు' అను చోటను ఇంతే. కాగితములలో ఎక్కడనైన 'ఇఫ్ యు విల్ సైన్' అని కనబడినచో, అది భవిష్యత్తు కాదు. 'సంతకము చేయుటకు మీకు సమ్మతమైనచో' అని మర్యాదగా అడుగుట. పాత కోరిక మరల తల యెత్తినదన్నమాట.

ఇంక రెండు కలయిక రూపములున్నవి. 'విల్ బి' చేర్చి నడుచుచున్న పనిని చెప్పుదురు. 'రేపు ఈ వేళకు ప్రయాణము చేయుచుందును' అనునది అట్టిది. 'విల్ హేవ్' చేర్చి ముగిసిన పనిని చెప్పుదురు. 'సంక్రాంతి నాటికి కందులు ఇల్లు చేరియుండును' అనునది అట్టిది. మనకు ఇవి సులభముగానే తెలియును. 'ఉండు' ధాతువు మనకు చేయు సాయమునే వారికి 'బి', 'హేవ్' లు చేయుచున్నవి. పెద్దల ఆజ్ఞలలోను కార్యాలయపు ఉత్తరువులలోను 'ఈజ్ టు' అని యొక మాట కనబడును. 'హీ ఈజ్ టు రిపోర్ట్ ఆన్ మండే' అనిన, సోమవారము హాజరు కావలయునని పైవారు నిర్ణయించినారని అర్థము. వాని యిష్టముతో పని లేదు.

ఇంతవరకు చెప్పినది బడి సంగతి. ఇక కాగితముల సంగతి.

ప్రామిసరీ నోటు మన పల్లెలకు పాత చుట్టము. తెనుగున వ్రాయు నోటులో 'మీరు కోరినప్పుడు అసలు వడ్డీ చెల్లించగలవాడను' అని వ్రాయు ఆచారము గలదు. ఇందలి 'గలవాడను' బాలవ్యాకరణపు భవిష్యత్తు. 'తప్పక చెల్లింతును' అని పూనిక. నేటి పిల్లవాడు దీనిని చదివి 'చెల్లించుటకు శక్తి గలవాడను' అని గ్రహించి, ఇంగ్లీషున 'కెన్' అని వ్రాసినచో, మాట ప్రాణమే పోవును. శక్తి యుండుట వేరు, చెల్లించుటకు కట్టుపడుట వేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 4 వ విభాగమున, ప్రామిసరీ నోటునకు షరతులేని పూనిక యుండవలయునని నిర్దేశించినది. ఆ చట్టమే కొన్ని ఉదాహరణములు ఇచ్చినది. ఒకడు 'నేను ఫలానామెను వివాహమాడిన ఏడు దినములకు 500 రూపాయలు చెల్లింతును' అని వ్రాసియిచ్చినచో అది ప్రామిసరీ నోటు కాదు. వివాహము జరుగునో, జరుగదో! లోకానుభవమునుబట్టి జరిగియే తీరవలసినదానికి గడువు ముడిపెట్టినచో మాత్రము, అది యెన్నడు జరుగునో తెలియకున్నను, షరతుగా ఎంచరు. రానున్నదానిలో నిశ్చితమేది, అనిశ్చితమేది యను విచారణ వ్యాకరణమునకే కాక ధర్మాసనమునకును ఎంత అవసరమో దీనివలన తెలియును.

మన చేతిలో మెలగు నూరు రూపాయల నోటును చూడుడు. దానిమీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకము పైన ఒక వాగ్దానము గలదు. అందు 'విల్' లేదు, 'షల్' లేదు. 'వాగ్దానము చేయుచున్నాను' అని వర్తమానముననే యున్నది. వాగ్దానము రేపు చేయునది కాదు. పలికినప్పుడే అది జరిగిపోయినది. చెల్లించుట మాత్రమే రేపటిది. కావుననే అన్ని రూపములలోను ఇది దృఢమైనది. రూపాయి నోటుమీద ఈ వాగ్దానము లేదు. దానిని బ్యాంకు గాక భారత ప్రభుత్వమే వెలువరించుట ఇందుకు కారణము.

చట్టములలో 'షల్' తన పాత ఋణార్థమును ఇంకను నిలుపుకొన్నది. 'షల్' అనిన సాధారణముగా చేసి తీరవలయునని; 'మే' అనిన చేయవచ్చునని. మన రాజ్యాంగమున దీనికి మంచి ఉదాహరణము గలదు. బడిపంతులైనవానికి ఇంతకంటె ముఖ్యమైన ఉదాహరణము దొరకదు. 1950 లో రాజ్యాంగము అమలునకు వచ్చినప్పుడు 45 వ అధికరణమున, పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరికి నిర్బంధముగా, ఉచితముగా విద్య నిచ్చుటకు పదేండ్లలోగా రాజ్యము ప్రయత్నింపవలయునని వ్రాసిరి. 'షల్' ఉన్నది గాని, అది 'ప్రయత్నించుట' అను మాటకు తగులుకొని యున్నది. అనగా బాకీ పడినది ప్రయత్నమే గాని విద్య కాదు. పైగా అది ఆదేశికసూత్రములలోనిది గనుక న్యాయస్థానము ద్వారా వసూలు చేసికొనుటకు వీలులేదు. పదేండ్లు గడచినవి, ఆ పైన దశాబ్దములు గడచినవి. 1993 లో ఉన్నికృష్ణన్ అనువారికిని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యమున, పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కే యని సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. పిమ్మట 2002 లో 86 వ సవరణము వలన 21-ఏ అను అధికరణము చేరినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలందరికి రాజ్యము విద్య నిచ్చి తీరవలయునని అందున్నది. 2010 ఏప్రిలు 1 వ తేదీనుండి అది అమలునకు వచ్చినది. 'ప్రయత్నించుట' అను ఒక్క మాట తొలగుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఆ ఒక్క మాట తొలగినందున, నేడు బడి లేదని పల్లెవాడు న్యాయస్థానమున నిలిచి అడుగగలుగుచున్నాడు. వ్యాకరణము ఊరక పోదు.

మన సీమలోని వానలేమిని మీకు నేను చెప్పవలసిన పని లేదు. 1996 లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకము పేరు వినని ఊరు మన ప్రాంతమున లేదు. శ్రీశైలము జలాశయమునుండి 43.5 టీ.ఎం.సీ.ల కృష్ణనీటిని నల్లమలను తొలిచిన సొరంగములగుండ తెచ్చి, 4 లక్షల 47 వేల యెకరములకు అందించుట దాని సంకల్పము. ఇట్టి గొప్ప పనులను గూర్చిన ఇంగ్లీషు ప్రకటనలను చదువునప్పుడు, అంకెలకంటె ముందు క్రియలను చూడుడు. 'ఈజ్ ప్రపోజ్డ్' అని యున్నచో అది ఇంకను తలంపు. 'ఈజ్ ఎక్స్‌పెక్టెడ్' అనిన అంచనా. ఎదురుచూచువాడెవడో కూడ అందు చెప్పబడలేదు. 'విల్ బి కంప్లీటెడ్' అనిన మాట కొంత బలపడినది, కాని కట్టుపడినవారి పేరు ఇంకను రాలేదు. 'షల్ కంప్లీట్' అని, ముందు పేరు, వెనుక తేదీ, తప్పినచో ఏమగునో ఆ నిబంధన, ఈ మూడును ఉన్నచో అది ఒడంబడిక. ఈ నాలుగింటిని మనము తెనుగున 'నీళ్లు వస్తాయి' అని ఒక్కటే మాటగా చెప్పుకొని సంతోషింతుము. పిమ్మట ఒక్కటే మాటగా నిందింతుము. తలంపును వాగ్దానమని నమ్ముట మనకు చేటు. వాగ్దానమును వట్టి తలంపని వదలుకొనుటయు చేటే. అడుగవలసినచోట అడుగుటకైనను ఈ భేదము తెలిసి యుండవలయును.

ఇంటి సంగతియు ఇంతే. దూరమున నున్న మనుమడు పండుగకు 'ఐ మే కమ్' అని వ్రాసినచో రావచ్చును, రాకపోవచ్చును. 'ఐ విల్ కమ్' అనిన మనసున్నది. 'ఐ యామ్ కమింగ్' అనిన టిక్కెట్టు కూడ చేతనున్నది. అరిసెలకు బియ్యము నానబోయవచ్చును. ఆ జాబును అవ్వకు చదివి వినిపించువారు మూడింటికిని 'వస్తాడంట' అని ఒక్కటే చెప్పినచో, ఆ ముసలిప్రాణము వీధి గుమ్మమున ఎన్ని దినములు కూర్చుండవలయునో ఆలోచింపుడు.

కాబట్టి ఇంటిలోని పిల్లలకు ఇంగ్లీషు భవిష్యత్తును నేర్పునప్పుడు సూత్రముకంటె ముందు నాలుగు ప్రశ్నలు నేర్పుడు. గురుతు కనబడుచున్నదా? ఏర్పాటు జరిగినదా? మనసు మాత్రమే చెప్పుచున్నదా? ఎవరైనను కట్టుపడినారా? మొదటిదానికి 'గోయింగ్ టు', రెండవదానికి వర్తమానము, మూడవదానికి 'విల్', నాలుగవదానికి 'షల్' అని స్థూలముగా చెప్పవచ్చును. అభ్యాసమువలన మిగిలిన మెలకువలు వచ్చును. ఈ ప్రశ్నలను తెనుగు మాటకును వేసి చూచుట అలవాటైనచో, పిల్లవాడు ఇంగ్లీషుతో పాటు తన మాటను కూడ తూచి మాటలాడ నేర్చును. అది చదువులో పెద్ద లాభము.

మన పెద్దలు సెలవు తీసికొనునప్పుడు 'పోయెదను' అనరు, 'పోయివచ్చెదను' అందురు. రేపటిని గూర్చిన మాట ఎంత బాధ్యతతో పలుకవలయునో వారికి తెలియును. ఆ మర్యాదతోనే నేనును సెలవు తీసికొనుచున్నాను. పోయివచ్చెదను.